నియంత్రిత దహనానికి సారథ్యం: శిక్షణలో రావలసిన మార్పులు

అడవిలోని ఎండుటాకులను, గడ్డిని, పొదలను అనువైన వాతావరణంలో, నిర్ణీత హద్దుల నడుమ కాల్చివేసి, పెను కార్చిచ్చులకు ఇంధనం లేకుండా చేయడాన్ని నియంత్రిత దహనం అంటారు. వేసవికి ముందు మన అడవులలో ఫైర్ లైన్లను శుభ్రపరచి కాల్చడం ఈ కోవకు చెందినదే. అమెరికాలో దీనిని విశాల ప్రాంతాలలో చేపడతారు. సారథ్యం వహించే అధికారిని బర్న్ బాస్ అంటారు. ఆనాటి గాలిని, తేమను చూచి నిప్పు అంటించాలా, ఆపాలా అని క్షేత్రంలో తేల్చవలసినది ఆ అధికారే.

2022 ఏప్రిల్ 6న న్యూమెక్సికో రాష్ట్రంలోని శాంటాఫే జాతీయ అటవీ ప్రాంతంలో అక్కడి ఫారెస్ట్ సర్వీస్ అంటించిన నిప్పు ఈదురుగాలులకు హద్దు దాటింది. జనవరిలో కాల్చిన కట్టెల కుప్పలలో, మూడు హిమపాతాల కింద కూడా ఆరక నివురుగప్పి ఉన్న మరొక నిప్పు ఏప్రిల్‌లో రాజుకొని దానితో కలిసింది. 3,41,000 ఎకరాలకు పైగా దగ్ధమయ్యాయి. వందలాది ఇళ్లు బూడిదయ్యాయి. ఆ రాష్ట్రంలో నమోదైన కార్చిచ్చులలో ఇదే అతి పెద్దది. మే 20న దేశవ్యాప్తంగా జాతీయ అటవీ ప్రాంతాలలో నియంత్రిత దహనాలను 90 రోజులపాటు నిలిపివేశారు.

సిబ్బందికి అర్హత లేక జరిగిన ప్రమాదం కాదిది. వారు చాలావరకు ఆమోదిత ప్రణాళిక ప్రకారమే నడచుకున్నారు. అయితే దీర్ఘకాలపు కరవు వలన ఇంధనం అంచనాకు మించి ఎండిపోయి ఉన్నది. అనుకూలమైన రోజులు తక్కువగా దొరకడంతో పని ముగించాలన్న ఒత్తిడి కూడా ఉన్నదని సమీక్షలో తేలింది.

బర్న్ బాస్ కావడానికి తరగతి పాఠాలు చాలవు. అర్హత గల మూల్యాంకనాధికారి ఎదుట దహనాన్ని స్వయంగా నడిపి, టాస్క్ బుక్‌లోని ఒక్కొక్క అంశంపై సంతకం పొందాలి. ఇందుకు తగినన్ని దహనాలు అన్ని చోట్లా లభించవు. ఈ కొరత తీర్చడానికి 1998లో ఫ్లోరిడాలోని టల్లహాసీ కేంద్రంగా జాతీయ శిక్షణా సంస్థ ఏర్పడింది. కొద్ది వారాలలోనే అనేక దహనాలలో పాల్గొనే అవకాశం అక్కడ లభిస్తుంది. కానీ చదునైన, తేమగల ఫ్లోరిడా పైన్ అడవిలో నేర్చిన విద్య పడమటి కొండవాలులకు పూర్తిగా సరిపోదు. అందుచేతనే పశ్చిమ ప్రాంతానికి ప్రత్యేక పాఠ్యప్రణాళిక రూపొందించాలని 2022 సమీక్ష సూచించింది.

నిప్పు అంటించడంతోపాటు విరమించడంలోనూ శిక్షణ కావాలి. గాలి మారినందున పని నిలిపివేసిన రోజును శిక్షణార్థి లోపంగా గాక, అనుభవంగా లెక్కించడం న్యాయం. మంట చల్లారిన తరువాత వారాల తరబడి కుప్పలను తవ్వి, వేడి మిగిలి ఉన్నదేమో పరీక్షించడం ఎవరికీ ఉత్సాహం కలిగించని పని. శిక్షణలో దానికి ఎక్కువ సమయం కేటాయించవలసి ఉన్నది.