పిలిచే పేరు, రాసే పేరు

మన్ననూరు దగ్గర శ్రీశైలం రోడ్డు వదిలి అమ్రాబాద్ వైపు తిరగండి. ఏ ఊళ్లోనైనా ఆగి నలుగురి పేర్లు అడగండి. లింగయ్య, మల్లయ్య, నర్సింహ, ఈదమ్మ. ఇవి ఊరికే పెట్టుకున్న పేర్లు కావు. లింగయ్య వెనుక నల్లమల లోయలోని సలేశ్వరం లింగమయ్య ఉన్నాడు. చైత్ర పౌర్ణమికి అక్కడ జాతర జరుగుతుంది. మల్లయ్య వెనుక శ్రీశైలం మల్లన్న ఉన్నాడు. తమ ఆడపిల్లను పెళ్లాడినవాడని చెంచులు ఆయన్ను చెంచు మల్లయ్య అంటారు.

ఇంకొంచెం దూరం పోతే పేర్లు మారతాయి. పడమటన కురుమూర్తి జాతర ఉంది, అటువైపు కుర్మయ్యలు కనిపిస్తారు. యాదగిరిగుట్ట చుట్టుపక్కల యాదగిరి, యాదయ్య, యాదమ్మ. కృష్ణ ఒడ్డున నల్గొండ వైపు జాన్‌పహాడ్ దర్గా ఉంది. ఆ దర్గాకు మొక్కుకొని పుట్టిన పిల్లలకు హిందువుల ఇళ్లలో కూడా సైదులు, సైదమ్మ అని పేరు పెడతారు. మనిషి పేరు విని, వాళ్ల ఇంట్లో ఏ గుట్టకు మొక్కారో చెప్పవచ్చు.

దేవుడితో సంబంధం లేని పేర్లూ ఉన్నాయి. పుట్టిన పిల్లలు దక్కకపోతే, తర్వాతి బిడ్డను పెంట మీద పొర్లించి పెంటయ్య అనో పెంటమ్మ అనో పిలిచేవారు. చెత్తలో పడేసిన బిడ్డ మీద చావు కన్ను పడదని నమ్మకం. అదే మాట అమ్రాబాద్ అడవిలో ఇంకో అర్థంలో వినిపిస్తుంది. అక్కడ పెంట అంటే చెంచుల గూడెం. పెంటయ్య అనే పేరు విని నవ్వే పట్నం పిల్లలకు ఆ తల్లి భయం సంగతి చెప్పాలి.

పేరు పెట్టడం ఒక ఎత్తు, దాన్ని వాడడం ఇంకో ఎత్తు. మన ఊళ్లలో పెద్దవాళ్లను పేరుతో పిలవరు. వరస (చుట్టరికాన్ని బట్టి పిలిచే మాట) కలుపుతారు. కాకా, మామా, బావా, అవ్వా. చుట్టం కాకపోయినా వరస కలుస్తుంది. పేరు దాదాపు ఎప్పుడూ పైనుంచి కిందికి, లేదా ఈడువాళ్ల మధ్యే పలుకుతుంది.

అన్నిటికన్నా గట్టి కట్టుబాటు భార్యాభర్తల మధ్య ఉంది. భర్త పేరు తీస్తే ఆయుష్షు తగ్గుతుందని పాతకాలపు నమ్మకం. ఆఫీసు బల్ల ముందు నిలబడ్డ ముసలవ్వను చూడండి. "నీ పెనిమిటి పేరేంది?" అని అడుగుతారు. ఆమె కొంగు సవరించుకొని పక్కనున్న కొడుకు వైపు తిరుగుతుంది. "నువ్వు చెప్పరాదురా" అంటుంది. ఆమెకు పేరు తెలియక కాదు. మామ పేరు మనవడికి పెట్టిన ఇళ్లలో చిక్కు మరీ ఎక్కువ. కోడలు కన్నకొడుకును కూడా పేరుతో పిలవలేదు. పెద్దోడా అనో, చిన్నయ్యా అనో ఇంకో పిలుపు వెతుక్కుంటుంది.

పేరు చివరి అక్షరాలది వేరే లెక్క. ఒకే మనిషి ఒకరికి మల్లిగాడు, ఇంకొకరికి మల్లయ్య, మరొకరికి మల్లన్న. మల్లమ్మ కొందరి నోట ఉత్త మల్లి. ఎవరు ఎవరిని ఎలా పిలవాలో దొరల కాలంలో కులమే నిర్ణయించింది. తలనెరిసిన దళితుణ్ణి దొర ఇంటి పసిపిల్లవాడు గాడు చేర్చి పిలిచేవాడు. ఆయన మాత్రం ఆ పిల్లవాణ్ణి దొరా అనాలి. 1888లో హైదరాబాద్‌లో పుట్టిన దళిత నాయకుడు మాదరి భాగయ్య, భాగ్యరెడ్డి వర్మగా మారడాన్ని ఈ వెలుగులో చూడాలి. అది సోకు కాదు. పిలుపులో ఉన్న మెట్లను ఆ కొత్త పేరే ఎదిరించింది.

ఇక రాత సంగతి. మన పద్ధతిలో ఇంటిపేరు ముందు, పేరు వెనుక. ఇంటిపేరు పిలవడానికి కాదు, పెళ్లి సంబంధం చూసేటప్పుడు అడగడానికి. చెంచుల్లోనూ అంతే. నిమ్మల, చిగుర్ల, కాట్రాజు, ఉడతనూరి లాంటి ఇంటిపేర్లు ఉన్నాయి. ఒకే ఇంటిపేరువాళ్లు అన్నదమ్ముల కింద లెక్క, పెళ్లి కుదరదు. ఇంగ్లిష్ పద్ధతి దీనికి తలకిందులు. అక్కడ సొంత పేరు ముందు, కుటుంబం పేరు చివర. అందుకే 1991 నుంచి 1996 వరకు ప్రధానిగా ఉన్న పాములపర్తి వేంకట నరసింహారావును ఇంగ్లిష్ పత్రికలు ఉత్త 'రావు' అని రాశాయి. రావు ఆయన ఇంటిపేరు కాదు, పేరు చివర చేరిన గౌరవపు మాట.

ప్రధానికి దానివల్ల నష్టం లేదు. అడవి అంచున ఉన్న మనిషికి ఉంది. ఒకరి ఇంటిపేరు నిమ్మల, పేరు లింగయ్య అనుకుందాం. ఆధార్‌లో పేరుకు ఒకటే గడి. పాస్‌పోర్టులో రెండు. పాన్ కార్డు దరఖాస్తులో మూడు. ఒకచోట నిమ్మల ముందు పడుతుంది, ఇంకోచోట వెనుక, మరోచోట ఉత్త 'ఎన్' మిగులుతుంది. 'అయ్య' అనే చివరను ఇంగ్లిష్‌లో మూడు నాలుగు రకాలుగా రాస్తారు. వెనకటి పట్వారీకి లింగయ్య ముఖం తెలుసు. కంప్యూటర్‌కు అక్షరాలే తెలుసు. పింఛను, ఉపాధి కూలి ఇప్పుడు బ్యాంకు ద్వారానో పోస్టాఫీసు ద్వారానో అందుతాయి. కాగితాల్లో అక్షరం తేడా వస్తే సొంత డబ్బు కోసం తిరగాల్సి వస్తుంది.

అమెరికా వీసాలో ఈ గడుల చిక్కు ఇంకో రూపం తీసుకుంటుంది. పాస్‌పోర్టులో ఒకే పేరు ఉంటే దాన్ని ఇంటిపేరు గడిలో వేస్తారు. సొంత పేరు గడిలో 'ఎఫ్.ఎన్.యు.' అని కొడతారు. పేరు తెలియదు అని దాని అర్థం.

అడవి ఊళ్లలో ఆడవాళ్ల పేరు కూడా ఇప్పుడు కాగితం మీదికి రావాలి. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం, పెళ్లైనవాళ్లకిచ్చే పట్టాలో భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉండాలి. ఎవరో ఒకరి భార్యగా, ఎవరో ఒకరి అవ్వగా బతుకు గడిపిన మనిషి సొంత పేరు భూమి కాగితం మీద పడడం చిన్న సంగతి కాదు. అది తప్పు పడకూడదు.

అందుకే బడిలో, అంగన్‌వాడీలో, మీసేవలో పేర్లు రాసేవారికి ఒక మనవి. ఇంటిపేరు ఏది, పేరు ఏది అని విడిగా అడగండి. పాత కాగితం ఉంటే చూసి, అదే వరుసలో, అవే అక్షరాలతో రాయండి. చివరికి రాసింది వాళ్లకు పైకి చదివి వినిపించండి.