లైబ్రేరియన్ అంటే బీరువా తాళాలేనా?

సినిమాలో లైబ్రేరియన్ అంటే ముక్కుమీదికి జారిన కళ్లజోడు, పెదవిమీద వేలు, "నిశ్శబ్దం!" అనే గద్దింపు, ఇంతే గదా! ఇప్పుడు అందరి చేతిలోనూ గూగులు వున్నది గనుక, ఇక ఆ మనిషి దేనికని అడిగేవారూ బయలుదేరారు.

తెలుగు పాఠం చెప్పేవాణ్ణి గనుక నాకు తోచింది మనవి చేస్తాను. ఆంధ్రభారతిలో ఒక మాట కొడితే పలు నిఘంటువుల అర్థాలు ఒక్కసారిగా వచ్చి వాలుతాయి. మా బోటివారికి ఇది వరమే. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేయించిన పాత పుస్తకాల సంగతి వేరు. వాటిలో ఎన్నో పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, ఎవరికి తోచినట్టు వారు రాసినవి. "శ"కు ఒకచోట ఒక అక్షరం, మరోచోట రెండు. పుస్తకం వుండీ లేనట్టే! అటువంటప్పుడు దారి చూపేది అనుభవంగల లైబ్రేరియనే.

మన డెల్టాలో గ్రంథాలయోద్యమం నడిపినవారు తాళాలు పట్టుకు కూర్చున్నవారు కారు. 1914 ఏప్రిల్ 10న అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో బెజవాడలో గ్రంథాలయ మహాసభ జరిగింది. 1935లో పాతూరి నాగభూషణంగారు పెదవడ్లపూడి, కొల్లిపరల మధ్య కాలువమీద పడవలో పుస్తకాలు తిప్పారు. పల్లె గ్రంథాలయానికి రాలేకపోతే, గ్రంథాలయమే పల్లెకు వెళ్లింది.

గూగులు అడిగినదానికి బదులిస్తుంది. ఏమడగాలో తెలియని పిల్లవాడి మాటేమిటి? కాలేజీలో కంప్యూటర్లు కొని లైబ్రేరియన్ కుర్చీ ఖాళీగా వుంచడమంటే, పడవ కొని సరంగును మానిపించడమే.