విదేశములతో విత్తనముల మార్పిడి: తిరుగు టపా ఖర్చు ఎవరిది?

ఉయ్యూరు, గుడివాడ, అవనిగడ్డ ప్రాంతముల నుండి అమెరికా, ఆస్ట్రేలియా మొదలగు దేశములకు వెళ్ళి స్థిరపడినవారు అనేకులు. అక్కడి పెరటిలో వేసికొనుటకు గోంగూర, దోస, చిక్కుడు, పొట్ల విత్తనములు పంపుడని వారు ఊరిలోని బంధువులను అడుగుచుందురు. బదులుగా అక్కడి పూలమొక్కల విత్తనమో, క్రొత్త టమాటా రకమో పంపెదమందురు. అప్పుడు తిరుగు టపా ఖర్చు ఎవరు పెట్టుకొనవలెనను ప్రశ్న వచ్చును. అయితే అనుమతి సంగతి తేల్చుకొనక ఖర్చు సంగతి మాట్లాడుకొనిన ప్రయోజనము లేదు. డబ్బు వృథా యగుటయే గాక, మన పొలములకు చేటు కూడ రావచ్చును.

మన బిళ్ళ అక్కడ చెల్లదు

మన దేశములో విత్తనము కోరునప్పుడు, సొంత చిరునామా వ్రాసి, తపాలా బిళ్ళ అంటించిన కవరును ఉత్తరముతో జతపరచుట పాత అలవాటు. విదేశములకు ఈ పద్ధతి పనికిరాదు. ఏ దేశపు బిళ్ళ ఆ దేశములో పోస్టు చేసిన కవరుకే చెల్లును.

ఈ చిక్కు తీర్చుటకే 1906లో రోము నగరములో జరిగిన ప్రపంచ తపాలా సమాఖ్య మహాసభ అంతర్జాతీయ జవాబు కూపనును ఏర్పాటు చేసెను. ఒక దేశములో కొన్న కూపనును మరియొక దేశపు పోస్టాఫీసులో ఇచ్చి, విదేశమునకు పోవు తేలికపాటి ఉత్తరమునకు సరిపడు బిళ్ళలు తీసికొనవచ్చుననుట దీని ఉద్దేశము. కాని బ్రిటను 2011 చివరను, అమెరికా 2013లోను వీని అమ్మకము నిలిపివేసినవి. పైగా ఇది ఉత్తరమునకు సరిపోవునే గాని విత్తనముల కట్టకు చాలదు. కావున నేడు దీనిపై ఆధారపడరాదు.

ఖర్చు విషయములో పాటింపదగినవి

1. ఇచ్చి పుచ్చుకొనుట ఉన్నచో ఎవరు పంపు కట్టకు వారే ఖర్చు పెట్టుకొనుట మేలు. లెక్కలు ఉండవు, తగవులు రావు.

2. ఒకరే విత్తనము కోరినచో, అడిగినవారే ఖర్చు భరింపవలెను. కట్టను తూయించి, పోస్టాఫీసులో ఆనాటి రేటు కనుగొని, ఆ మొత్తమును బ్యాంకు ద్వారా ముందే రప్పించుకొనవలెను. కవరులో నోట్లు పెట్టరాదు.

3. పంపుటకు ముందు ఆ దేశమునకు టపా నడచుచున్నదో లేదో విచారింపవలెను. 2025 ఆగస్టులో అమెరికాకు మన తపాలా కట్టలు నిలిచిపోయి, అక్టోబరులో గాని మరల మొదలు కాలేదు.

4. పార్సెలు ఫారములో ఒక ప్రశ్న ఉండును: బట్వాడా కానిచో త్రిప్పి పంపవలెనా, లేక వదలివేసినట్లు భావింపవలెనా? త్రిప్పి పంపుమనిన, తిరుగు చార్జీ పంపినవారిపై పడవచ్చును. నెలల తరబడి తిరిగిన విత్తనము మొలకశక్తి కోల్పోవును. దానికి మరల డబ్బు కట్టుట దండుగ.

అనుమతి లేనిదే కదలరాదు

విదేశము నుండి మన దేశమునకు విత్తనము రావలెనన్న 2003 నాటి ప్లాంటు క్వారంటైను ఉత్తర్వు ప్రకారము ముందుగా దిగుమతి అనుమతి పొందవలెను. పంపు దేశపు అధికారులు ఇచ్చు ఫైటోశానిటరీ సర్టిఫికెట్టు, అనగా ఆ విత్తనము తెగుళ్ళు, పురుగులు లేనిదను ధ్రువపత్రము, జతగా రావలెను. చుట్టములు పెట్టెలో తెచ్చినను నిబంధన ఒక్కటే.

ఇక్కడ నుండి పోవు విత్తనమునకు ఆ దేశపు చట్టము వర్తించును. అమెరికాలో చిన్న మోతాదులకు ఒక వెసులుబాటు కలదు. అక్కడివారు ముందుగా అనుమతి పొందినచో, ఒక్కొక్క రకము 50 గింజలు గాని 10 గ్రాములు గాని మించకుండ, ఒక కట్టలో 50 పొట్లముల వరకు సర్టిఫికెట్టు లేకయే పంపవచ్చును. కట్ట వారి ఇంటికి గాక తనిఖీ కేంద్రమునకు పోవలెను. ఆ చిరునామా చీటీని అనుమతి పొందినవారే మనకు పంపుదురు. కొరియరులో పంపినచో, కేంద్రము నుండి వారి ఇంటికి చేర్చు చార్జీ ముందే చెల్లించిన చీటీని కట్టలో ఉంచవలెను. అన్ని జాతులకు ఈ వెసులుబాటు లేదు. బెండ, గోంగూర ప్రత్తి కుటుంబమునకు చెందినవి. ప్రత్తిలోని గులాబి రంగు కాయతొలుచు పురుగు వీనిపై కూడ బ్రతుకగలదు. అందుచే వీనిని గూర్చి విడిగా విచారింపవలెను. టమాటా, మిరప విషయమున కూడ అట్లే.

ఇంత కట్టడి ఎందులకు?

2015లో జోర్డాను దేశమున టమాటాపై ఒక క్రొత్త వైరసు తెగులును గుర్తించిరి. కాయలపై గోధుమ రంగు ముడుతలు, మచ్చలు వచ్చును. మిరపకు కూడ సోకును. ఇది విత్తనముపై అంటుకొని దేశదేశములకు ప్రాకినది. చేతుల ద్వారా, పనిముట్ల ద్వారా మొక్క నుండి మొక్కకు వ్యాపించును. సోకిన పిదప నయము చేయు మందు లేదు. విజయవాడలో ఒకరి పెరటిలో మొలచిన పది గింజల నుండి ఇట్టి తెగులు కృష్ణ లంకలలోని కూరగాయల తోటలకు చేరినచో, ఆ నష్టమును ఏ తపాలా బిళ్ళతో తూచగలము?

కట్ట కట్టు విధము

విత్తనమును బాగుగ ఆరబెట్టి, మట్టి, పొట్టు, పుచ్చు గింజలు ఏరివేయవలెను. మందు పట్టించరాదు. కాగితపు పొట్లములలో పోసి, పొట్లముపై తెలుగు పేరుతో పాటు శాస్త్రీయ నామము, సేకరించిన ఊరు, సంవత్సరము వ్రాయవలెను. ముద్రల దెబ్బకు గింజ చితుకకుండ మెత్తని కవరు వాడవలెను. కస్టమ్సు చీటీలో విత్తనములని ఉన్నదున్నట్లు వ్రాయవలెను. కాగితములని వ్రాసి పంపుట నేరము.

మన రైతులు తమలో తాము విత్తనము దాచుకొను, ఇచ్చిపుచ్చుకొను హక్కును 2001 నాటి సస్యరకముల చట్టము కాపాడుచున్నది. కాని పరిశోధనకో, వ్యాపారమునకో విదేశీయులు మన విత్తనము కోరినచో, చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి లేనిదే ఇవ్వరాదు. ప్రవాసులకు కూడ ఇదే నిబంధన. సందేహమున్న రైతులు పోస్టాఫీసుకు పోవుటకు ముందే సమీప కృషి విజ్ఞాన కేంద్రమున విచారించుట మంచిది.