పరిశోధన సాఫ్టువేరు ఇంజనీరు

విశ్వవిద్యాలయ ప్రయోగశాలలలో పరిశోధనకు కావలసిన కంప్యూటరు ప్రోగ్రాములను వ్రాసి, పరీక్షించి, నిర్వహించే ఉద్యోగిని పరిశోధన సాఫ్టువేరు ఇంజనీరు అంటారు. ఈ పేరు 2012లో బ్రిటనులో వాడుకలోకి వచ్చింది.

అవసరం

జీవశాస్త్ర ప్రయోగశాలలలో ప్రోగ్రాములను తరచుగా పరిశోధక విద్యార్థులే వ్రాసుకొంటారు. పట్టా పొంది వారు వెళ్ళిపోయిన తరువాత వాటిని సరిదిద్దేవారు ఉండరు. తప్పు బయటపడకపోతే ఫలితాలే తలక్రిందులవుతాయి. అమెరికాలో ఒక ప్రయోగశాల సొంత ప్రోగ్రాములో రెండు నిలువు వరుసలు తారుమారైనందువలన, ప్రోటీన్ల నిర్మాణంపై సైన్స్ పత్రికలో ప్రచురించిన మూడు వ్యాసాలను 2006లో ఉపసంహరించుకోవలసి వచ్చింది.

నియామకం

జీతం సాధారణంగా పరిశోధన గ్రాంటు నుండి చెల్లిస్తారు. అది సాఫ్టువేరు కంపెనీల జీతం కంటే తక్కువగా ఉంటుంది. గ్రాంటుతోపాటే ఉద్యోగమూ ముగుస్తుంది. అందువలన అనుభవజ్ఞులు దొరకడం కష్టం. యూనివర్సిటీ కాలేజ్ లండన్ వంటి సంస్థలు ఇంజనీర్లను ఒక కేంద్ర బృందంగా నియమించి, వివిధ ప్రయోగశాలల పనులకు కేటాయిస్తున్నాయి.