ఆకలి చెప్పలేని పసికందు

‘అడగందే అమ్మయినా పెట్టదు’ అని మన సామెత. అయితే అడిగే శక్తి లేకుండానే పుట్టే శిశువులు కొందరున్నారు. ప్రేడర్-విల్లీ సిండ్రోమ్ అనే అరుదైన జన్యుస్థితి అట్టిది. 1956లో స్విట్జర్లాండుకు చెందిన ప్రేడర్, లాబ్‌హార్ట్, విల్లీ అను వైద్యులు దీనిని లోకానికి తెలిపారు. 15వ క్రోమోజోములో తండ్రి వైపు నుండి వచ్చి పనిచేయవలసిన కొన్ని జన్యువులు లోపించడమే దీనికి కారణం. ఇది తల్లిదండ్రుల తప్పు కాదు. చాలావరకు వంశపారంపర్యమూ కాదు.

ఈ శిశువు కండరాలలో పట్టు ఉండదు. ఏడుపు సన్నన. రొమ్ము పట్టినా పీల్చే బలం చాలక, అలసి నిద్రపోతుంది. ‘ఎంత నెమ్మదైన బిడ్డ!’ అని పెద్దలు మొదట మురుస్తారు. బరువు పెరగనప్పుడు తల్లికి పాలు లేవని నిందిస్తారు. లోపం పాలలో లేదు, పీల్చే శక్తిలో ఉంది.

కనుక ఇచ్చట ఏడుపును కాక గడియారాన్ని నమ్మాలి. రెండు మూడు గంటలకొకసారి బిడ్డను లేపి, పిండిన తల్లిపాలు పట్టాలి. మన ఇళ్లలోని ఉగ్గుగిన్నె వంటిదే ఆసుపత్రులలోనూ వాడతారు. తల ఎత్తి పట్టుకొని, మింగిన కొలదీ కొద్దికొద్దిగా ఇవ్వాలి; నిద్రలో పోస్తే పాలు ఊపిరితిత్తులలోకి పోవచ్చు. అరగంటకు మించి పట్టినా కడుపు నిండకుంటే ఆ శ్రమకే బలం ఖర్చవుతుంది. అప్పుడు వైద్యులు ముక్కు ద్వారా కడుపులోకి సన్నని గొట్టం వేస్తారు. దానిని చూసి బెదరనక్కరలేదు; సాధారణంగా అది కొన్ని వారాలో నెలలో ఉండే ఆసరా మాత్రమే.

రెండవ సాక్షి త్రాసు. మా విజయపురి సౌత్ వంటి ఊళ్లలో అంగన్‌వాడీలో తూచిన బరువును వరుసగా వ్రాసి ఉంచితే, ఎదుగుదల ఎక్కడ ఆగినదో తెలుస్తుంది. అనుమానం కలిగితే పిల్లల వైద్యుని సలహాతో జన్యుపరీక్ష చేయించాలి. ఒక రక్తపరీక్షతో ఈ స్థితి దాదాపు నిర్ధారణ అవుతుంది. హైదరాబాదులోని డి.ఎన్.ఎ. ఫింగర్‌ప్రింటింగ్, డయాగ్నస్టిక్స్ కేంద్రంలో జన్యువ్యాధుల నిర్ధారణ జరుగుతున్నది.

ఇంకొక హెచ్చరిక. కొన్నేళ్లకు ఈ బిడ్డ స్థితి తారుమారవుతుంది. ఎంత తిన్నా తృప్తి కలుగదు, స్థూలకాయం ముంచుకొస్తుంది. కావున చిక్కిన బిడ్డను బొద్దుగా చేయాలని అతిగా పెట్టరాదు. తొలినాడు గడియారం చూసి పెట్టిన చేయే, తరువాత కొలత చూసి ఆపవలసి ఉంటుంది.

మన పాఠకులలో ప్రతి ఇంటా అక్కలో వదినలో బాలింతలై ఉంటారు. ఏడవని బిడ్డను మెచ్చుకొనే ముందు, ఒకసారి తూచి చూడమని వారికి చెప్పండి.