రెండవసారి చూచిన నాటకము

కథ తెలిసినవారే నాటకమునకు ముందుగా వచ్చి కూర్చుండుట మన పల్లెలలో పాత అలవాటు. శ్రీకృష్ణ రాయబారము ఫలించునో లేదో తెలిసికొనుటకై తెల్లవార్లు మేలుకొన్నవాడు ఎవ్వడును లేడు. సంధి కుదరదని, యుద్ధము తప్పదని పసిపిల్లలకు సైతము తెలియును. అయినను జనము చాపలు చంకబెట్టుకొని వచ్చి, కృష్ణుడు ఏ మాటను ఏ తీరున పలికినాడు, దుర్యోధనుడు దానికేమి బదులు చెప్పినాడు అని చెవులు నిక్కించి వినెడివారు. మరునాడు రచ్చబండ దగ్గర దుర్యోధనుని పక్షము వహించి వాదించు పెద్దమనిషి ఒకడు తప్పక ఉండెడివాడు. రాజకీయ నాటకమును చూడవలసిన తీరు అదియేనని మాకు తోచును. ఏమి జరిగినదో తెలిసిన తరువాతనే, ఎందుకు జరిగినదో ఆలోచించుటకు తీరిక చిక్కును.

ఈ సంగతి మాకు మార్కాపురంలో, ఒక మిత్రుని ఇంటి వసారాలో, వరుసగా పది ఆదివారములు కూర్చుండి ‘సంవిధాన్’ అను టెలివిజన్ ధారావాహికను రెండవ పర్యాయము చూచినప్పుడు బాగుగా బోధపడినది. మేము ఆరుగురము. ఒకరు పదవీ విరమణ చేసిన లెక్కల మాస్టారు. ఒకరు పలకల వ్యాపారము చేసినవారు. ఒకరు గిద్దలూరు వైపు ఒక గ్రామమునకు పూర్వము సర్పంచిగా ఉన్నవారు. ఒకరు తపాలా శాఖలో పనిచేసి విరమించినవారు. తక్కిన ఇద్దరము పుస్తకములతో కాలక్షేపము చేయువారము. ధారావాహిక భాష హిందీ. మాలో మాస్టారికి ఆ భాష బాగుగా వచ్చును గనుక, కష్టమైన చోట నిలిపి తెలుగులో చెప్పుట వారి వంతు.

ఈ ధారావాహికను గూర్చి నాలుగు మాటలు చెప్పవలెను. దీనికి దర్శకుడు శ్యాం బెనెగల్. ఆయన 1934లో సికింద్రాబాదు దగ్గరి తిరుమలగిరిలో జన్మించి, హైదరాబాదులో చదువుకొన్నవాడు. 1974లో వచ్చిన ఆయన తొలి కథాచిత్రము ‘అంకుర్’ తెలంగాణ పల్లె కథయే. నెహ్రూ గ్రంథము ఆధారముగా ఆయన తీసిన ‘భారత్ ఏక్ ఖోజ్’ 1988లో దూరదర్శన్‌లో ప్రసారమైనది. ‘సంవిధాన్’ పది భాగములు; 2014 మార్చి 2న రాజ్యసభ టెలివిజన్‌లో ప్రారంభమైనది. రచన శమా జైదీ, అతుల్ తివారీ. అంబేద్కరుగా సచిన్ ఖేడేకర్, నెహ్రూగా దలీప్ తాహిల్ నటించినారు. మన నాటకములలో సూత్రధారుని వలె, స్వరా భాస్కర్ వచ్చి కాలమును, సందర్భమును వివరించును. బెనెగల్ 2024 డిసెంబరు 23న కన్నుమూసినారు. ధారావాహిక మాత్రము నేటికిని అంతర్జాలములో చూడ దొరకును.

ఇందులోని కథ యావత్తును ఒక సభ. 1946 డిసెంబరు 9న ఢిల్లీలో తొలిసారి సమావేశమైన రాజ్యాంగ పరిషత్తు, 1949 నవంబరు 26న రాజ్యాంగమును ఆమోదించువరకు పదకొండు సమావేశములు జరిపినది. ముసాయిదాకు వచ్చిన సవరణ ప్రతిపాదనలు 7,635. వానిలో సభ ముందు నిజముగా ప్రవేశపెట్టబడినవి 2,473. తెలుగువారు అందులో పలువురు ఉండిరి. నెల్లూరు జిల్లా పుదూరులో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యరు ముసాయిదా సంఘములో సభ్యుడు. దుర్గాబాయి, ఎన్.జి. రంగా, పట్టాభి సీతారామయ్య, టంగుటూరి ప్రకాశం పంతులు పరిషత్తులో కూర్చుండినవారే.

ఇంత సుదీర్ఘమైన చర్చను పది భాగములకు కుదించునప్పుడు ఎంతో విడిచిపెట్టక తప్పదు. నాటకము దస్తావేజు కాదు. దస్తావేజులో లేనిది నాటకములో ఒకటి కలదు: ఒకరు మాటాడుచుండగా వినువాని ముఖము. అచ్చుపుస్తకములో ఒక సభ్యుని ప్రసంగము ముగిసి మరియొకరిది మొదలగును. తెర మీద, మొదటివాని మాట రెండవవానికి ఎక్కడ తగిలినదో కనబడును. దుష్టపాత్ర లేకయే నాటకము నడచుటకు కారణమిదియే. ఇక్కడ ఎదురుపడినవి మంచి చెడ్డలు కావు. రెండు మంచి ఉద్దేశములు.

2014లో మొదటిసారి చూచినప్పుడు మేమీ మర్మమును గ్రహింపలేదు. ఒక్కొక్కరము ఒక్కొక్క నాయకుని ఎంచుకొని, ఆయన మాటాడినప్పుడు తలలూపి, ఎదిరి మాటాడినప్పుడు టీ గ్లాసుల కొరకు లేచిపోయినాము. 1949 నవంబరు 25న అంబేద్కరు తన ముగింపు ప్రసంగములో, మతమున భక్తి ముక్తికి మార్గము కావచ్చును గాని రాజకీయములలో వీరపూజ పతనమునకు, నియంతృత్వమునకు దారి తీయునని హెచ్చరించినాడు. ఆ హెచ్చరిక వినుచునే మేము వీరపూజ చేసినాము! అందుచేత రెండవ పర్యాయము మాస్టారు ఒక నియమము పెట్టినారు. ప్రతి భాగము ముగిసిన పిమ్మట, ఎవరికి ఎవరి మాట గిట్టలేదో, వారే ఆ మాటను సమర్థించి అయిదు నిమిషములు మాటాడవలెను.

ఒక సాయంకాలము మా ముచ్చట గ్రామముల పైకి మళ్లినది. 1948 నవంబరు 4న ముసాయిదాను సభ ముందుంచుచు అంబేద్కరు, మన గ్రామములు సంకుచిత బుద్ధికి, అజ్ఞానమునకు, మతతత్వమునకు నిలయములని నిర్దాక్షిణ్యముగా చెప్పినాడు. ముసాయిదా గ్రామమును విడిచి వ్యక్తిని మూలముగా గ్రహించినందుకు సంతోషించినాడు. ఆ మాటకు సభలో పలువురు నొచ్చుకొన్నారు. నవంబరు 22న కె. సంతానం, గ్రామ పంచాయతీలను ఏర్పరచి వానికి స్వపరిపాలనకు వలసిన అధికారములు ఇయ్యవలెనని సవరణ తెచ్చినారు. అంబేద్కరు దీర్ఘమైన వాదము చేయక దానిని అంగీకరించినాడు. ఆ సవరణను బలపరచిన వారిలో మన ప్రకాశం పంతులుగారు ఒకరు. ఆయన ఒంగోలు దగ్గరి వినోదరాయునిపాలెంలో 1872లో పుట్టినవారు. 1946–47లో మద్రాసు రాష్ట్రమునకు ప్రధానిగా ఉండి ఫిర్కా అభివృద్ధి పథకము నడపినవారు. నాడు మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండినవి. 1970 ఫిబ్రవరి 2న ఏర్పడిన ఒంగోలు జిల్లాలో అవి చేరినవి. ఆ జిల్లాకు 1972లో ఆయన పేరు వచ్చినది.

ఈ చర్చల పాఠమును మాస్టారు చదివి వినిపించగా, మాజీ సర్పంచి వెంటనే పంతులుగారి పక్షము వహించినారు. “ఊరు లేకుండా దేశమెక్కడిది?” అన్నారు. తపాలా మిత్రుడు కొంతసేపు ఊరకుండి, “అంబేద్కరు అన్నదాంట్లో తప్పేముందన్నా? మా అమ్మ బిందె పట్టుకొని బావి గట్టు కింద నిలబడేది. పైనుంచి ఎవరైనా దయతలచి పోస్తేనే మాకు నీళ్లు. నేను ఆమె పక్కన నిలబడినవాణ్ణి” అన్నాడు. ఆ సాయంకాలము మరి మాట సాగలేదు.

నల్లమల క్రింది మా ప్రాంతములో నీళ్ల మాట అన్ని మాటల కంటె బరువైనది. వానలు తక్కువ. బోర్లు ఎండిపోవును, నీరు పడిన చోట్ల కొన్నింట ఫ్లోరైడు. కంభం చెరువు వంటి పూర్వుల నిర్మాణము ఒకటి ఉన్నను, వేసవిలో పెక్కు ఊళ్లకు ట్యాంకరే దిక్కు. అందుచేత గ్రామమునకు అధికారమిచ్చుట అనగా, ట్యాంకరు మొదట ఏ వీథిలో ఆగవలెనో నిర్ణయించు అధికారమును ఇచ్చుట.

మరుసటి ఆదివారము నియమము ప్రకారము మాజీ సర్పంచి అంబేద్కరు పక్షమున మాటాడవలసి వచ్చినది. ఆయన లేచి, “నేను సర్పంచిగా ఉన్న నాలుగు వేసవులూ ట్యాంకరు మొదట మా వీథిలోనే ఆగింది. ఆగమని నేను చెప్పలేదు. ఆగొద్దని కూడా చెప్పలేదు” అని కూర్చున్నారు. అయిదు నిమిషములు పట్టలేదు. తరువాత తపాలా మిత్రుడు పంతులుగారి పక్షమున మాటాడినాడు. చేతిపంపు చెడిపోయినప్పుడు అర్జీ పట్టుకొని ఒంగోలు పోయి వచ్చుట ఎంత ప్రయాసయో చెప్పినాడు. తన మేనకోడలు రిజర్వు స్థానము నుండి వార్డు సభ్యురాలై, పంచాయతీ సమావేశములో గట్టిగా అడిగిన పిమ్మట, వారి వాడకు కుళాయి వచ్చినదనియు చెప్పినాడు. “ఊళ్లోనే అడగగలిగింది కాబట్టి అడిగింది. అడిగే కుర్చీ చట్టం ఇచ్చింది కాబట్టి అడగగలిగింది” అన్నాడు.

ఆ మాటలో రాజ్యాంగ చరిత్ర నలుబది అయిదేండ్లది ఇమిడి ఉన్నది. సంతానం సవరణ రాజ్యాంగములో 40వ అధికరణమైనది. అది ఆదేశిక సూత్రములలో చేరినది గనుక, ప్రభుత్వము పాటింపవలసినదే గాని, పాటింపలేదని న్యాయస్థానములో నిలదీయుటకు వీలు లేనిది. 1959లో రాజస్థాన్, ఆ వెంటనే ఆంధ్రప్రదేశ్ పంచాయతీ రాజ్యమును ఆరంభించినవి. కాని ఎన్నికలు జరుపుట, మానుట రాష్ట్ర ప్రభుత్వముల ఇష్టముగా ఉండెను. 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ సవరణ అయిదేండ్ల కొకసారి ఎన్నికలను తప్పనిసరి చేసినది. షెడ్యూల్డు కులములకు, తెగలకు జనాభా ననుసరించియు, స్త్రీలకు మూడవ వంతునకు తగ్గకుండను స్థానములు కేటాయించినది. గ్రామమునకు అధికారము కావలెనన్న పంతులుగారి కోరికయు, ఆ గ్రామములో బలహీనునికి రక్షణ ఏదీ యన్న అంబేద్కరు ప్రశ్నయు ఒకే సవరణలో కలిసినవి. 1948లో ఎదురెదురుగా నిలిచిన మాటలు ఒకదానికొకటి అవసరమైనవని తెలియుటకు అంత కాలము పట్టినది.

ఇది పూర్తిగా నెరవేరినదని మేమనుట లేదు. భార్య పేర భర్త పెత్తనము చేయు పంచాయతీలను మేము చూచియే యున్నాము. మొదటిసారి చూచినప్పుడు మాత్రము ఈ ప్రశ్నలేవియు మా వసారాలోనికి రాలేదు. ఎవరు గెలిచినారని చూచినవానికి నాటకము తెరతో ముగియును. ఓడిన మాటలో నిజమెంత అని చూచినవానికి అది పొరుగింటి వరకు వచ్చును.

రేడియో గల గృహములవారికి ఈ పద్ధతి కొత్త కాదు. మంచి నాటకము పునఃప్రసారమైనప్పుడు, తొలిసారి కథ కొరకు విన్నవారే మలిసారి మాట కొరకు వినుట అందరికిని అనుభవమే. ‘సంవిధాన్’ను చూడదలచిన వారికి మా అనుభవము నుండి రెండు సూచనలు. ఒంటరిగా చూడవలదు, మీతో ఏకీభవింపని వానిని ఒకనినైన పిలువుడు. ఒక్కనాడు ఒక్క భాగము కంటె మించవలదు. చూచినంత సేపు మాటాడుకొనుటకు వ్యవధి ఉండవలెను.

పదవ ఆదివారము పలకల వ్యాపారి మిత్రుడు ఒక మాట అన్నాడు. మార్కాపురం పలక మీద అక్షరములు దిద్దిన పిల్లలలో, ఒక్కసారికే కుదిరినవారు లేరట. తుడిచి మరల వ్రాయుటకే పలక. 7,635 సవరణల లెక్క విన్నప్పుడు ఆయనకు తన అంగడి గుర్తు వచ్చినదట. వచ్చే వేసవిలో మూడవసారి చూడవలెనని అప్పుడే నిశ్చయించినాము. ఈసారి తపాలా మిత్రుని మేనకోడలిని కూడ పిలువవలెనని మాజీ సర్పంచిగారే ప్రతిపాదించినారు. ఆమె ఎవరి పక్షమున మాటాడునో చూడవలెను.