కెమెరా కంట్లో నలుసు

మన హాస్టల్ తమ్ముళ్లలో కొందరు సెలవుల్లో ఫోటో స్టూడియోలకు పనికి వెళ్తుంటారు. నా పీజీ ఫీజులో సగం పెళ్లి ఫోటోల పనిలో వచ్చిందే. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే, ఫీజు దారి నేనే చూసుకోవాలి కదా! ఈ నాలుగు మాటలు ఆ పనికి వెళ్లేవారి కోసం.

ఫిల్ము కెమెరాలో ప్రతి ఫోటోకూ కొత్త ఫిల్ము ముక్క వచ్చేది. దుమ్ము పడినా దాంతోపాటే ముందుకు పోయేది. డిజిటల్ కెమెరాలో సెన్సార్ ఒక్కటే. నలుసు పడితే, తీసేదాకా ప్రతి ఫోటోలోనూ అదే చోట మచ్చ.

ఆ నలుసు ఎంతుంటుంది? 23.5 మిల్లీమీటర్ల వెడల్పున్న సెన్సార్‌లో అడ్డంగా 6000 పిక్సెళ్లుంటే, ఒక్కో పిక్సెల్ మిల్లీమీటరులో సుమారు 250వ వంతు. మిల్లీమీటరులో 20వ వంతుండే ధూళి కణం అడ్డంగానే సుమారు పన్నెండు పిక్సెళ్లను కప్పేస్తుంది.

నిజానికి దుమ్ము పడేది సెన్సార్ ముందున్న గాజు ఫిల్టరు మీద. సెన్సార్‌పై పడేది దాని నీడ. ట్యూబులైటు కింద పుస్తకం మీద పెన్ను నీడ మసకగా ఉంటుంది, టార్చిలైటు వేస్తే స్పష్టంగా పడుతుంది. ఇదీ అంతే. ఎపర్చర్ పెద్దగా ఉంటే మచ్చ తెలియదు. ఎఫ్ 16, ఎఫ్ 22 పెట్టి ఆరుబయట గ్రూపు ఫోటో తీస్తే ఆకాశంలో బయటపడుతుంది. పరీక్షించడానికీ ఇదే పద్ధతి: ఎఫ్ 22 పెట్టి, ఫోకస్ తప్పించి, తెల్లగోడను ఫోటో తీసి పెద్దది చేసి చూడండి. మచ్చ ఫోటోలో పైన ఉంటే నలుసు సెన్సార్ కింది భాగంలో ఉన్నట్టు, బొమ్మ తలకిందులుగా పడుతుంది కాబట్టి.

గజపతినగరం చుట్టుపక్కల మాఘమాసం పెళ్లిళ్లంటే కళ్లాల ఊకదుమ్ము ఇంకా అణగని రోజులు. పందిట్లో హోమం పొగ, పసుపు, వాటిని ఎగరగొట్టే పెద్ద ఫ్యాన్లు సరేసరి. మా అమ్మ బియ్యం చెరిగేటప్పుడు గాలివాటం చూసుకుని కూర్చుంటుంది. లెన్స్ మార్చేటప్పుడూ గాలికి వీపు పెట్టండి. కెమెరా ఆపేసి, మూతి కిందికి పెట్టి, రెండో లెన్స్ సిద్ధంగా ఉంచుకుని మార్చండి. ఆ లెన్స్ వెనక గాజును ముందే శుభ్రం చేయాలి.

2003లో వచ్చిన ఒలింపస్ ఈ-1 మొదలుకుని చాలా కెమెరాలు ఫిల్టరును వణికించి దుమ్ము దులుపుకుంటున్నాయి. అది చాలకపోతే రబ్బరు బ్లోయర్ వాడాలి. బ్యాటరీ నిండుగా ఉండాలి. అద్దం ఉన్న కెమెరా అయితే, మెనూలోని క్లీనింగ్ ఆప్షన్‌తో అద్దం పైకి లేపాక మధ్యలో చార్జింగ్ అయిపోతే అది కిందికి పడుతుంది. కెమెరాను బోర్లించి, కొన లోపల తగలకుండా గాలి కొట్టండి. నోటితో ఊదితే ఉమ్మి తుంపరలు పడతాయి. టైర్ల షాపు గాలిలో నూనె, తడి ఉంటాయి. చొక్కా అంచు ఊసే వద్దు, గాజు గీసుకుపోతుంది.

అంటుకుపోయిన మచ్చకు ప్రత్యేకమైన ద్రవం, స్వాబ్ కావాలి. అరువు కెమెరాకు ఆ పని మనం చేయకూడదు. తెల్లగోడ ఫోటోను పెళ్లికి ముందురోజే యజమానికి చూపించండి. పెళ్లయ్యాక చూపిస్తే ఆ మచ్చ మన కూలి లెక్కలోకి వస్తుంది.